మూడోసారి తట్టకే

మూత వేసే ముందు మా తరగతి వాగుడుకాయ వంగి నా నుదుటి మీద ముద్దు పెట్టింది, నేను నిజంగానే పోయినట్టు, పెట్టి, "భయమేస్తే మూడుసార్లు తట్టు, మూడే, గుర్తుందా, ఒకటీ రెండూ అయితే ఎవరూ పట్టించుకోరు, నాలుగు తడితే మాత్రం..." అంటూ ఉండగానే డాక్టరు మూత దించేశాడు, నాలుగు తడితే ఏమవుతుందో ఆ మాట నా దాకా రాలేదు. చీకటి వచ్చింది. వచ్చింది అనడం కూడా తప్పే, అది నాకంటే ముందే పెట్టెలో పడుకుని ఉంది, నేనే వెళ్లి దాని పక్కన సర్దుకున్నాను. మధ్యాహ్నం మూడు గంటలు. బయట ఎండ మండిపోతోంది, మైదానంలో మైకు గొంతు చించుకుంటోంది, ఎవరివో చెప్పులు తప్పిపోయాయట, ఎవరి తాతగారో కళ్లజోడు స్టేజి మీద దొరికిందట, ఇదంతా నల్ల కాగితాలు అంటించిన కిటికీలు దాటి, పెట్టె చెక్క దాటి నా చెవికి చేరేసరికి వేరే ఎక్కడో జరుగుతున్నట్టుంది. బడి వార్షికోత్సవం. పాత సైన్సు ల్యాబులో మా పదో తరగతి పెట్టిన దయ్యాల గది. నాలుగు గంటల దాకా నేను ఇందులో శవాన్ని. గంటలో ఐదు బ్యాచ్‌లు. జనం లోపలికి రాగానే చిన్న గంట మోగుతుంది, నేను మూత తోసుకుని లేచి, జుట్టు విరబోసుకుని, ఒక్క కేక పెట్టాలి, వాళ్లు పరిగెత్తాక మళ్లీ పడుకుని మూత వేసుకోవాలి. మధ్యలో నావల్ల కాకపోతే మూడుసార్లు తట్టాలి. తడితే డ్రాయింగు మాస్టారు మెయిన్ స్విచ్ వేస్తారు, లైట్లన్నీ వెలుగుతాయి, ఆట ఆగిపోతుంది. ఆగిపోతే నవ్వుతారు, నవ్వనీ, నవ్వులు నాకు కొత్త కాదు. నాకు కావలసింది వేరే. ఈ గంట తట్టకుండా గడిపితే రేపటి నుంచి నేను తలుపు వేసుకోగలిగిన మనిషిని. పదేళ్లుగా కాలేకపోయాను. ఒక్క గంట.

ఇదంతా డ్రాయింగు మాస్టారి పుణ్యం. పోయినేడాది పెద్దవాళ్లు పుర్రె ముసుగులూ ఎర్ర లైట్లూ పెట్టి దయ్యాల గది చేస్తే ఒకటో తరగతి పిల్లలు దయ్యాలకి షేక్‌హ్యాండ్ ఇచ్చి వెళ్లారట. అందుకని ఈసారి మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి, తలా ఒక చీటీ ఇచ్చి, "మీకు నవ్వొచ్చేదానితో ఎదుటివాడికి చెమట పట్టించలేరు నాయనా. మీకు ఏది చెమట పట్టిస్తుందో అది రాయండి. ఎవరి భయానికి వాళ్లే దయ్యం" అన్నారు. మొదట అందరం గొప్పలు రాశాం. ఆయన ఒక్కో చీటీ చదివి, "పులి అంటే భయమా? నువ్వెప్పుడు చూశావురా పులిని? లెక్కల పరీక్ష అని రాయి, నమ్ముతాను" అని వెనక్కి ఇచ్చేశారు. రెండో విడతలో నిజాలు వచ్చాయి. వాగుడుకాయకి నిశ్శబ్దమంటే భయమట, ఇంట్లో అందరూ పడుకున్నాక ఫ్యానుతో మాట్లాడుతుందట. కాబట్టి గుమ్మం పక్కన కుర్చీలో కళ్లు తెరుచుకుని, పెదవి కదపకుండా, గంటసేపు బొమ్మలా కూర్చోవాలి. ఆ వింత చూడటానికే సగం బడి క్యూ కట్టింది. డాక్టరు అనే మావాడికి రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి, వాళ్ల ఇంట్లో మూడు తరాలుగా అందరూ వైద్యులే, వీడి పేరు పక్కన డిగ్రీ ఇప్పుడే రాసేసుకున్నారు. వాడు మోచేతుల దాకా ఎర్ర రంగులో ముంచి బల్ల మీద దూది బొమ్మకి ఆపరేషన్ చెయ్యాలి. ఇక మా అన్నయ్య. నాకంటే పదకొండు నెలలు పెద్ద, ఇద్దర్నీ ఒకేసారి బళ్లో వేశారు కాబట్టి ఒకే తరగతి. ఇంట్లో అన్నయ్యా అనాలి, నానమ్మ ఆజ్ఞ. బళ్లో మాత్రం అందరితో పాటు నేనూ నిచ్చెన అంటాను, ఆరడుగులకి రెండంగుళాలు తక్కువ మరి. ఆ నిచ్చెనకి ఎత్తంటే భయం. స్టూలు ఎక్కితేనే పెదాలు తెల్లబడతాయి. మా నాన్నేమో లైన్‌మన్, ఇరవై ఏళ్లుగా కరెంటు స్తంభాలెక్కి బతుకుతున్న మనిషి, ఆయనకి ఈ సంగతి తెలియదు, తెలియకుండా ఉండటానికి వీడు పడే పాట్లు ఇన్నీ అన్నీ కావు. ఇంట్లో బల్బు పోతే నేను మారుస్తాను, వాడు కింద స్విచ్ దగ్గర నిలబడి పెద్ద ఇంజనీరులా సూచనలిస్తాడు. అలాంటివాడు ఇప్పుడు సరిగ్గా నా పెట్టె పక్కన వేసిన ఏడు మెట్ల నిచ్చెన ఎక్కి, అటక మీద తెల్ల దుప్పటి కప్పుకుని బోర్లా పడుకుని, కింద పోయేవాళ్ల మెడల మీద చల్లటి తడి గ్లవ్ వేలాడదియ్యాలి. ఎక్కేటప్పుడు చూశాను. కళ్లు మూసుకుని ఎక్కాడు. ఒక్కో మెట్టుకీ ఏదో గొణిగాడు, దేవుడి పేరో నా మీద తిట్టో.

నా చీటీలో రెండే మాటలు, మూసిన తలుపు. నేను స్నానానికి వెళ్తే గడియ పెట్టను, తలుపు ఓరగా వేసి ఉంటుంది, బయట నానమ్మ పీట వేసుకుని కాపలా కూర్చుంటుంది. ఊరికే కూర్చుంటే అది నానమ్మ ఎందుకవుతుంది, "సబ్బు దొరికిందా", "చెవుల వెనక రుద్దావా", "నిన్న సీరియల్లో ఆ పిల్ల అత్తగారికి ఎదురు చెప్పింది చూడు, బాగా చేసింది", రెండు నిమిషాలు నా నుంచి జవాబు రాకపోతే "ఏవే, ఉన్నావా?" ఉండక ఆ బక్కెట్లోంచి ఎక్కడికి పోతాను. లిఫ్టు ఎక్కను. మా అత్త ఉండేది ఆరో అంతస్తు, నేను మెట్లెక్కి చేరేసరికి మిగతావాళ్లు టీలు తాగి, ఇంటికి బయల్దేరడానికి లేచి నిలబడి ఉంటారు. దీనికంతటికీ వెనక ఒక కథ ఉంది, అది నానమ్మ సొంత ఆస్తి, చుట్టాలెవరొచ్చినా తీసి చూపిస్తుంది. నాకు ఐదేళ్లు. దాగుడుమూతలు. అన్నయ్య నన్ను చెక్క బీరువా కింది అరలోకి తోసి, బయట గడియ పెట్టి, ఆటలో పడి మరిచిపోయాడు. సాయంత్రానికి గానీ ఎవరికీ తెలియలేదు. తీసేసరికి పిల్ల నీలంగా అయిపోయింది. చెప్పిన ప్రతిసారీ ఆ నీలం కాస్త ముదురుతుంది, ఈమధ్య నేరేడు పండు రంగు దాకా వచ్చింది. కథ నడుస్తున్నంతసేపూ అన్నయ్య తల దించుకుని కంచంలోకి చూస్తుంటాడు, అందులో ఏమీ లేకపోయినా. నాకు ఆ రోజు గుర్తుందా అంటే, బాగా గుర్తుంది, గడియ పడిన చప్పుడు, నా ఏడుపు, నీలంగా మారిన నా ముఖం. నా ముఖం నాకెలా కనిపించిందో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు.

మొదటి గంట మోగేదాకా ఎలా ఉన్నానో నాకే తెలియదు. మోకాలు కదిపితే చెక్క తగిలింది, మోచెయ్యి కదిపితే చెక్క తగిలింది, ముక్కు ముందు నా ఊపిరే నాకు వేడిగా తిరిగొచ్చింది. కాళ్ల దగ్గర వడ్రంగి పెట్టిన ఆరు బెజ్జాలున్నాయి, గాలి ధారాళంగా వస్తుందని మాస్టారు తాను స్వయంగా పావుగంట పడుకుని చూశారు, గురక కూడా పెట్టారని డాక్టరు చెప్పాడు, ఇవన్నీ నా తలకి తెలుసు, నా గుండెకి ఎవరూ చెప్పలేదు. అది దాని ఇష్టం వచ్చినట్టు కొట్టుకుంటోంది. తట్టెయ్యనా. ఒకటి. చెయ్యి లేచింది కూడా. అప్పుడే గంట మోగింది, గుమ్మం దగ్గర ఎవరో "ఏయ్, ఈ పిల్ల నిజంగానే మాట్లాడట్లేదురోయ్!" అన్నారు, వాగుడుకాయ ఎంత ఉడికిపోతోందో తలుచుకుంటే పెట్టెలోనే నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే మూత తోసి లేచాను. కేక పెట్టాలని కదా అనుకున్నాం, కేక రాలేదు, ఎంతసేపటి నుంచో బిగబట్టిన ఊపిరి ఒక్కసారి బయటికొస్తే ఎలా ఉంటుందో అలాంటి చప్పుడేదో వచ్చింది, నాకే ఒళ్లు జలదరించింది. ఎదురుగా లెక్కల టీచరు. ఏడాదంతా నన్ను బోర్డు దగ్గర నిలబెట్టి గడగడలాడించిన లెక్కల టీచరు చేతిలో హ్యాండ్‌బ్యాగు గాల్లోకి విసిరేసి, పక్కనున్న ఐస్‌క్రీము బండాయన్ని వాటేసుకుంది. దేవుడా. ఇంత ఆనందం ఇన్నాళ్లూ ఎక్కడ దాచావు. వాళ్లు ఒకరి మీద ఒకరు పడుతూ బయటికి పోతుంటే నేను పళ్లు ఇకిలిస్తూ నిలబడ్డాను, మాస్టారు చీకట్లోంచి "శవం నవ్వకూడదమ్మా, పడుకో" అన్నారు. పడుకున్నాను.

రెండోసారి మూత వేసుకున్నప్పుడు చీకటి కొంచెం పాతబడింది. మూడోసారి ఇంకా పాతబడింది. పెట్టెలో కొత్త రంగు వాసన, పాత నాటకాల బట్టల వాసన, ఎవరో ఎప్పుడో ఇందులో పెట్టి మరిచిపోయిన అత్తరు వాసన, ఒకదాని తర్వాత ఒకటి ముక్కుకి వచ్చి పరిచయం చేసుకున్నాయి. మనసు ఊరికే ఉండదు కదా, ఎక్కడెక్కడికో పోయింది. నాన్న పని నుంచి రాగానే గుమ్మంలో బెల్టు విప్పే చప్పుడు, దానికి వేలాడే కొక్కేలు నేలకి తగిలే చప్పుడు, అది వినగానే అన్నయ్య పుస్తకం తెరవడం. అమ్మ కుట్టుమిషను మీద వంగి పళ్ల మధ్య దారం పట్టుకుని మాట్లాడితే మాకు మాత్రమే అర్థమయ్యే ఆ భాష. ఈ దుప్పటి గౌను కూడా అమ్మే కుట్టింది, శవానికి కొలతలేంటే, వదులుగా ఉంటే సరి అంటూనే నడుము దగ్గర రెండు కుచ్చులు పెట్టింది. నా వెనక పదమూడు రోజులుగా అమ్మా నానమ్మా గుసగుసలాడుతున్నారు, పిల్ల నిజంగానే పడుకుంటుందా, పడుకోనిద్దామా, మాస్టారితో ఓ మాట చెబుదామా అని. చెప్పొద్దని నేనే పోట్లాడాను. ఎంత ధైర్యంగా పోట్లాడానో, ఆ రాత్రి గది తలుపు ఎప్పట్లాగే బార్లా తెరిచి పడుకున్నాను. మూడో బ్యాచ్‌లో నా ముందు పన్నెండేళ్ల అమ్మాయి ఒకతి అరవకుండా, పారిపోకుండా, నోరు తెరుచుకుని నన్నే చూస్తూ నిలబడింది, ఏం చెయ్యాలో తోచక "పోవే, నీ తర్వాత ఇంకా చాలామంది ఉన్నారు" అన్నాను దయ్యం గొంతుతో, అప్పుడు కెవ్వుమంది. మూడు అయ్యాయి. ఇంకా రెండు. మూత వేసుకుని కళ్లు మూసుకున్నాను, మూసినా తెరిచినా ఒకటే అయినప్పుడు మూయడమే మర్యాద అనిపించింది.

అప్పుడు పైన అటక చెక్క కిర్రుమంది. ఆగింది. మళ్లీ కిర్రుమంది. తర్వాత నిచ్చెన మీద ఏదో జారింది, గోడకేదో కొట్టుకుంది, తర్వాత ధబ్బుమని నా మీద, నా ముఖానికి జానెడు దూరంలో, మూత మీద పెద్ద బరువేదో పడింది. పడి, లేవలేదు. ఏమైందో తెలియలేదు నాకు. రెండు అరచేతులూ మూతకి ఆనించి తోశాను. కదల్లేదు. మోకాళ్లు కూడా ఆనించి తోశాను, కదల్లేదు, ఇంతకు ముందు మూడుసార్లు పుస్తకం అట్టలా లేచిన మూత ఇప్పుడు గోడైపోయింది, తోస్తున్నాను, తోస్తున్నాను, చెమట కళ్లలోకి దిగుతోంది, పదేళ్ల నుంచి నేను ప్రతి తలుపు దగ్గరా ప్రతి లిఫ్టు దగ్గరా తప్పించుకుంటూ వచ్చింది ఇదే, ఇక్కడ కూర్చుని నాకోసం ఎదురుచూస్తోంది, వచ్చావా అంటోంది, కాళ్ల దగ్గర బెజ్జాలు ఉన్నాయి, ఉన్నాయి, గాలి ఉంది, గాలి ఉందని ఎవరికి చెప్పను, నాకా, నేనెక్కడున్నాను, బీరువాలోనా పెట్టెలోనా, నాకు ఐదా పదిహేనా. పిడికిలి బిగించి తట్టాను. ఒకటి. తట్టాను. రెండు. చెయ్యి మూడోసారి వెనక్కి తీశాను.

"మూడోసారి తట్టకే." మూత మీది నుంచి, చెక్కకి పెదాలు ఆనించి ఎవరో గుసగుసగా అన్నారు. "నేనే. నీ కాళ్లు పట్టుకుంటా, తట్టకే."

అన్నయ్య. నాకు ప్రాణం లేచొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది. "లేవరా! లేవరా నువ్వు ముందు, నా మీద కూర్చున్నావు!"

"తెలుసే. కాళ్లు రావట్లేదు. నిజంగా. అటక కదిలింది, కిందికి చూశాను, ఎలా దిగానో తెలీదు, మోకాళ్లు వంగిపోయి దేని మీద పడ్డానో దాని మీదే కూర్చున్నాను. లేద్దామంటే కిందికి కదలట్లేదు, పైకి కదలట్లేదు."

"అయితే మాస్టార్ని పిలుస్తా."

"పిలిస్తే లైట్లేస్తారు. తర్వాతి బ్యాచ్‌లో నాన్న ఉన్నాడే. నానమ్మా నాన్నా గుమ్మం అవతలే ఉన్నారు, గొంతు వినిపించింది. ఇలా వణుకుతూ కూర్చున్నది ఆయన చూస్తే..." వాడి వణుకు చెక్కలోంచి నా అరచేతుల్లోకి వస్తోంది, ఎంత వణుకంటే నాది దాని ముందు ఎందుకూ పనికిరాదు. చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. తడితే నేను బయట. తడితే వాడు అందరి ముందూ, నాన్న ముందూ. వాడు తట్టొద్దంటున్నది నాతో, ప్రపంచంలో మూసిన తలుపంటే అందరికంటే భయపడే నాతో, అడగడానికి ఇంకెవరూ దొరకలేదా వీడికి. చెయ్యి దించాను. ఎందుకు దించానో అప్పుడు తెలియదు. దించిన చెయ్యి ఊరుకోలేక గౌను కుచ్చు పట్టుకుంది, పట్టుకుని పిడికిలికి చుట్టుకుంది, ఒక చుట్టు, రెండు చుట్లు, చుట్టి గట్టిగా నా వైపు లాగింది.

లాగగానే ఆగిపోయాను. ఈ పని నేను ఇంతకు ముందు చేశాను. ఇలాగే, గుడ్డని పిడికిలికి చుట్టి, రెండు చేతులతో, నా వైపు. మందంగా ఉంది ఆ గుడ్డ, దూది ఉంది అందులో, బొంత. కింది అరలో బొంతలుండేవి. వాడు తోస్తే నేను పడలేదు, నేనే దూరాను, చీమలా, నవ్వు ఆపుకుంటూ, అన్నయ్య గోడవైపు తిరిగి ముప్పై దాకా లెక్కపెడుతున్నాడు, వాడికి ఇరవై తర్వాత ముప్పై అని మాత్రమే వచ్చు కాబట్టి తొందర, తలుపు మూసుకోవడానికి లోపల పిడి లేదు, అందుకని బొంత అంచు తలుపు సందులో ఇరికించి, మిగతాది పిడికిలికి చుట్టుకుని లాగాను, తలుపు బిగుసుకుపోయింది. గడియ చప్పుడేదీ లేదు. లేనే లేదు. లోపల ఎంత బాగుందో, మెత్తగా, వెచ్చగా, బొంతల్లో నిద్ర వాసన. అందరూ వెతుకుతున్నారు, వాళ్లు వెతుకుతుంటే పొట్ట పట్టుకుని నవ్వుతున్నాను, పిలుస్తున్నారు, పలికితే ఓడిపోతాను కాబట్టి పలకలేదు, పలక్కుండా, గెలుస్తూ, గెలుస్తూ నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి బొంత ముఖం మీద ఉంది, చెమట, తలుపు రాదు, బయట నానమ్మ ఏడుపు. అంతే. ఏడ్చింది నానమ్మ. నేను చూసిన నీలం ముఖం నానమ్మ మాటల్లోది, గడియ నానమ్మ కథలో వేసిన గడియ, ఏడాదికి పదిసార్లు చెప్పిన కథని నేను నా కళ్లతో చూసినట్టు దాచుకున్నాను. తలుపు నేనే లాక్కుని మూసుకున్నాను. పైగా గెలిచాను. పదేళ్లుగా ఏ తలుపు చూసి పారిపోయానో అది నేను గెలిచిన తలుపు. పెట్టెలో, మీద అరవై కిలోల అన్నయ్యతో, నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేనంత నవ్వు.

"ఏడుస్తున్నావా?" అన్నాడు వాడు కంగారుగా.

"లేదు. ఒరేయ్, నువ్వెందుకురా ఎత్తంటే అలా చస్తావు?"

చెక్కకి మాత్రమే చెబుతున్నట్టు చెప్పాడు. "నువ్వు బీరువాలో దొరికిన రోజు. నేను గడియ వెయ్యలేదని చెప్పాను, నాన్న వినలేదు, ఒక్కటిచ్చాడు. అటక ఎక్కి దాక్కున్నా. నానమ్మ చూడక నిచ్చెన పెరట్లోకి తీసుకుపోయింది. అందరూ నీ చుట్టూ ఉన్నారు. బాగా పొద్దుపోయేదాకా పైనే ఉన్నా, అంచు దగ్గరకొచ్చి కిందికి చూడటం, వెనక్కి పోవడం. ఎవరూ వెతకలేదు. తర్వాత నేనే వేశానేమోలే అనుకున్నా. అందరూ అన్నారు కదా."

గుమ్మం దగ్గర గంట మోగింది. చెప్పాలి వీడికి, ఇప్పుడే చెప్పాలి, కానీ అడుగుల చప్పుడు లోపలికొచ్చేసింది, ముందు నానమ్మ గొంతు, "చీకటేంటిరా ఇంత, ఒక చిన్న దీపమైనా పెట్టొచ్చుగా, కాలు తగిలి పడితే ఎవరు చూస్తారు", వెనకే నాన్న గొంతు, "నెమ్మదమ్మా, నా చెయ్యి పట్టుకో", నానమ్మ వాగుడుకాయ దగ్గర ఆగి "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా, ఎప్పుడూ లేనిది ఇలా కూర్చున్నావు" అని నుదురు పట్టుకుని చూస్తున్నట్టుంది. మూత మీద అన్నయ్య రాయైపోయాడు. "దుప్పటి కప్పుకో, ముఖం కనపడకూడదు, కదలకు, మిగతాది నేను చూసుకుంటా" అన్నాను, అంటూంటే నా గొంతు నాకే కొత్తగా ఉంది. అడుగులు దగ్గరికొచ్చాయి. వచ్చాయి. పెట్టె ముందు ఆగాయి. మొత్తం బలంతో, పిడికిళ్లతో, మోకాళ్లతో, మడమలతో పెట్టెని లోపల్నుంచి బాదడం మొదలుపెట్టాను. మూడు కాదు, నాలుగు కాదు, ముప్పై. పెట్టె గజగజలాడింది, దాని మీద తెల్ల దుప్పటి కప్పుకున్న ఆరడుగుల ఆకారం కూడా గజగజలాడింది, దాని వణుకులో ఒక్క పిసరు నటన లేదు, అన్నయ్య నోట్లోంచి ఒక మూలుగు వచ్చింది చూడండి, అది ఏ దయ్యానికీ రాదు. "ఓయమ్మో!" అని గది కప్పు ఎగిరిపోయేలా ఎవరో అరిచారు. నాన్న. మా నాన్న. అరిచి పరిగెత్తబోయి, తల్లి చెయ్యి వదలకూడదని గుర్తొచ్చి అక్కడే గుండ్రంగా తిరిగాడని డాక్టరు తర్వాత చెప్పాడు, నానమ్మ కూడా ఆయనతో పాటు తిరిగిందట, "వదలరా, దయ్యం కంటే నువ్వే చంపేలా ఉన్నావు!" అంటూ.

మిగతావాళ్లు పారిపోయారు. నాన్న పెట్టెకి రెండడుగుల దూరంలో నిలబడి రొప్పుతూ నవ్వుతున్నాడు, నాన్న నవ్వితే మొదట దగ్గు వస్తుంది, తర్వాత నవ్వు, రెండూ వచ్చాయి. "చూడు, గుండె ఎలా కొట్టుకుంటోందో" అన్నాడు నానమ్మతో.

"సిగ్గులేదూ, అంతంత స్తంభాలెక్కేవాడివి" అంది నానమ్మ.

"స్తంభం ఎక్కినప్పుడూ ఇంతేనమ్మా. సగంలోకి వెళ్లాక ప్రతిరోజూ ఇంతే. పైకి చూసుకుంటూ పోతాను, ఏం చెయ్యను. ఇంట్లో చెప్పకు, పిల్లలు నవ్వుతారు."

ఆ మాట అనేసి నానమ్మని నడిపించుకుని వెళ్లిపోయాడు. వాళ్లు బయటికి వెళ్లాక ఆపరేషన్ బల్ల దగ్గర డాక్టరు కూడా చెయ్యి ఆపేసినట్టున్నాడు. నా మీద బరువు కదిలింది. కొంచెం. తర్వాత పూర్తిగా లేచింది. నేను మూత తోశాను, ఎప్పట్లాగే తేలిగ్గా లేచింది, లేచి కూర్చుంటే ఎదురుగా అన్నయ్య నిలబడి ఉన్నాడు, తన కాళ్ల మీద తనే, దుప్పటి భుజాల మీదికి జారి, ముఖం ఏడుపుకీ నవ్వుకీ మధ్య ఎటూ తేల్చుకోలేక. "ప్రతిరోజూ అట" అన్నాడు. "విన్నావా? ప్రతిరోజూ." మాస్టారు స్విచ్ బోర్డు దగ్గర నుంచి, "నేను మూడు లెక్కపెట్టాను, నాలుగు లెక్కపెట్టాను, పదిహేడు దాకా లెక్కపెట్టాక ఇది కళ అని ఊరుకున్నానమ్మా. బయటికొస్తావా, ఇక చాలా?" అన్నారు. ఇంకా ఒక బ్యాచ్ ఉంది. నేను అన్నయ్య చెయ్యి పట్టుకుని కిందికి లాగాను, వాడి చెవి నా నోటి దగ్గరికొచ్చేదాకా.

"బీరువాకి నువ్వు గడియ వెయ్యలేదురా. నేనే బొంత ఇరికించి లాక్కున్నాను. లోపల్నుంచి. గెలుద్దామని."

వాడు అలాగే వంగి ఉండిపోయాడు. వాడి ఊపిరి నా చెవికి తగులుతోంది, ఒకటి, రెండు, చాలా. ఏడుస్తాడేమో అనుకున్నాను, తిడతాడేమో అనుకున్నాను, రెండింటికీ సిద్ధంగానే ఉన్నాను, ఏది చేసినా నాకు తగినదే. చివరికి వాడు నిటారుగా లేచి నన్ను చూసిన చూపు, ఐదేళ్ల పిల్లాడి చూపు, మోచేతులు మట్టి, జేబులో గోళీలు, నేను చెప్పానా లేదా అన్న చూపు.

"పదేళ్లే!" అన్నాడు గుసగుసగా, గుసగుసలోనే అరుస్తూ. "పదేళ్లు ప్రతి చుట్టం ముందూ తల దించుకున్నా కదే! మొన్న పెళ్లిలో అంతమంది ముందు చెప్పింది నానమ్మ! ఇప్పుడా చెప్పడం?"

"ఇప్పుడే గుర్తొచ్చింది."

"ఈ రాత్రి నానమ్మకి నువ్వే చెప్పాలి. అందరి ముందూ."

"చెప్తా."

"నీలం సంగతి కూడా."

"నీలం కూడా చెప్తా. పాపం, అది లేకపోతే నానమ్మకి కథే ఉండదు."

దానికి వాడికి నవ్వొచ్చింది. మొదట ముక్కులోంచి, తర్వాత భుజాల్లోంచి, తర్వాత మోకాళ్లు మళ్లీ వంగిపోయేంతగా, కానీ ఈసారి మోకాళ్లు వంగింది వేరే కారణానికి. గుమ్మం దగ్గర గంట పట్టుకున్నాయన "ఐదో బ్యాచ్, వదలమంటారా?" అని కేకేశాడు. అన్నయ్య నిచ్చెన వైపు చూశాడు. నేను ఎక్కమనలేదు, వద్దనలేదు. వాడు దుప్పటి మెడకి ముడేసుకుని, మొదటి మెట్టు మీద కాలు పెట్టి, తల పైకెత్తి అటక వైపు చూస్తూ, కళ్లు తెరుచుకునే, ఎక్కడం మొదలుపెట్టాడు. మూడో మెట్టు దగ్గర ఆగాడు. నాలుగో మెట్టు దగ్గర "నీలమట!" అని మళ్లీ నవ్వాడు, నిచ్చెన వాడితో పాటు ఊగింది, అయినా ఆగలేదు. నాకు పొట్టలో నవ్వు పొంగుతోంది, ఇంత నవ్వే శవాన్ని చూస్తే ఎవడు భయపడతాడు, జనం లోపలికి వచ్చేస్తున్నారు, నవ్వు బయటికి వినపడకూడదని గబగబా పడుకుని, రెండు చేతులతో మూత లాక్కుని, గట్టిగా మూసేసుకున్నాను.